పెద్దవాళ్ల ఆటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో మా వీధివాళ్లం కొందరం ఆదివారం సాయంత్రాలు ఒక డాబా మీద చేరి ఆడుకుంటాం. పాతికేళ్ల కుర్రాళ్ల నుంచి డెబ్బై దాటినవాళ్ల దాకా వస్తారు. కళాశాలలో మనస్తత్వశాస్త్రం పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని కాబట్టి ప్రశ్నలన్నీ నా దగ్గరికే చేరతాయి. వచ్చేవాళ్లు అడుగుతారు, రావాలా వద్దా అని తటపటాయించేవాళ్లు అడుగుతారు, కింద నుంచి చూసి నవ్వుకునేవాళ్లూ అడుగుతారు. మాటిమాటికీ ఎదురయ్యేవి ఇక్కడ రాస్తున్నాను. కొన్నిటికి ఒక్క మాట చాలు, కొన్నిటికి చాలదు.

ఆట అంటే మీ ఉద్దేశంలో ఏమిటి? షటిలా, చదరంగమా, అష్టాచెమ్మానా?

ఏదైనా కావచ్చు. పేరును బట్టి ఇది ఆట, ఇది కాదు అని తేల్చలేం. ఒకే మైదానంలో ఇద్దరు షటిల్ ఆడుతుంటారు. ఒకాయన డాక్టరు చెప్పాడని వచ్చాడు. అయిదు నిమిషాలకోసారి చేతి గడియారం చూసుకుంటాడు, ఎన్ని అడుగులు పడ్డాయో లెక్కపెట్టుకుంటాడు. రెండో ఆయన కాక్‌ను అవతలివాడు ఊహించని మూలకు జారవిడిచి ముసిముసిగా నవ్వుకుంటాడు. మొదటాయన చేస్తున్నది వ్యాయామం. మంచిదే, మానమని చెప్పను. ఆడుతున్నది మాత్రం రెండో ఆయనే.

డచ్చి చరిత్రకారుడు యోహాన్ హౌయిజింగా 1938లో ఆట మీద ఒక పుస్తకం రాశాడు. ఆటలోకి ఎవరూ తోయకుండా మన ఇష్టంతో దిగుతామని, రోజువారీ బతుకు నుంచి కాస్త పక్కకు జరిగి ఒక గిరి గీసుకుని ఆ గిరిలోని నియమాలకు కట్టుబడతామని, దానివల్ల చేతికి వచ్చే లాభమేమీ ఉండదని అందులో చెప్పాడు. తర్వాత వచ్చినవాళ్లు ఈ మాటలకు చాలా సవరణలు చేశారు గాని, పునాది అదే. నేను వాడే గీటురాయి ఇంకా చిన్నది: మధ్యలో వదిలేసి లేచిపోతే మీకు పోయేదేమీ ఉండకూడదు, అయినా లేవబుద్ధి కాకూడదు.

ఇలా చూస్తే డాబా ఎక్కకుండానే ఆడుకునేవాళ్లు చాలామంది కనిపిస్తారు. మా ఎదురింటావిడ ఆటలకు రాదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున వాకిట్లో చుక్కలు పెట్టి, పిండి పిడికిట్లో పట్టుకుని, ఈ గీతను ఎటు తిప్పితే కొత్తగా ఉంటుందా అని చలిలో నిలబడి ఆలోచిస్తుంది. ఒక్కోసారి చివరి గీత దగ్గర మనసు మారి సగం ముగ్గు చీపురుతో తుడిచేసి మళ్లీ మొదలుపెడుతుంది. ఆవిడకు నేను చెప్పాల్సింది ఏమీ లేదు.

ఇదంతా పిల్లలకు సంబంధించిన విషయం కదా? ఎదిగాక ఎందుకు?

ఆట పిల్లల మెదడు ఎదగడానికి పనికొస్తుందన్న సంగతి అందరూ ఒప్పుకుంటారు. ఎదగడం పూర్తయ్యాక ఆ అవసరం తీరిపోతుందనుకోవడం దగ్గరే పేచీ.

యాక్ పాంక్సెప్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద చేసిన పని ఇక్కడ చెప్పుకోవాలి. 1990ల చివర్లో ఆయన బృందం ఎలుకలకు చక్కిలిగింతలు పెట్టింది. అవి సుమారు 50 కిలోహెర్ట్జ్ దగ్గర కిచకిచలాడాయి. మన చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినపడదు కాబట్టి వాటిని పరికరంతో పట్టుకోవాల్సి వచ్చింది. ఎలుకలు తమలో తాము కుస్తీ పడి ఆడుకునేటప్పుడూ అవే ధ్వనులు. అంతకంటే ఆశ్చర్యం, మెదడు పైపొరను తొలగించిన ఎలుకపిల్లలు కూడా ఆడుకోవడం మానలేదు. అంటే ఆట కోరిక ఆలోచనలు పుట్టే పైఅంతస్తులో లేదు. భయం, కోపం, ఆప్యాయత ఉన్నంత లోతున ఉంది. భయం మనకు పద్దెనిమిదేళ్లు నిండగానే పోదు కదా, ఆట మాత్రం ఎందుకు పోవాలి?

పెద్దవాళ్లకు దాని ఉపయోగం వేరే రకం. మన రోజు చాలావరకు తప్పు చేస్తే మూల్యం చెల్లించాల్సిన పనులతో నిండి ఉంటుంది. లెక్క తప్పితే జేబుకు చిల్లు, మాట తప్పితే తగువు. ఆటలో తప్పు చేస్తే ఒక కాయ చస్తుంది, అంతే. ఓడిపోవడం, తికమకపడటం, ముందేమవుతుందో తెలియకపోవడం, ఇవన్నీ నొప్పి లేకుండా అలవాటు చేసుకునే చోటు పెద్దయ్యాక మరొకటి దొరకడం కష్టం. ఇక రెండోది, తన గురించి తాను కాసేపు మరిచిపోవడం. అప్పు, జీతం, అల్లుడి ఉద్యోగం, మోకాలు అన్నీ బుర్రలో ఒకేసారి తిరుగుతున్న మనిషిని వాటి నుంచి పక్కకు లాగడం ఉపదేశాలతో కాదు. పులిజూదంలో ఎదుటివాడి పులి మేకను చంపబోతుంటే చూపు దానంతట అదే అటు పోతుంది.

పనీపాటా లేనివాళ్లు ఆడుకుంటారు. మాకంత తీరిక ఎక్కడిది?

తీరిక లేదన్న మాట నిజమే, కొందరి విషయంలో. వాళ్ల గురించి తర్వాతి ప్రశ్నలో చెబుతాను. మిగిలినవాళ్లు రాత్రి మంచం మీద ఫోను పట్టుకుని గంటన్నర గడుపుతారు, దాన్ని తీరికగా లెక్కపెట్టరు.

పనికీ ఆటకూ బద్ధశత్రుత్వం ఉందన్నది కూడా సరికాదు. మిహాయ్ చిక్సెంట్‌మిహాయ్ అనే మనస్తత్వవేత్త చదరంగం ఆడేవాళ్లను, కొండలెక్కేవాళ్లను, నాట్యం చేసేవాళ్లను, శస్త్రచికిత్స చేసే డాక్టర్లను కూర్చోబెట్టి, పనిలో లీనమైనప్పుడు మీకేమనిపిస్తుందని అడిగి 1975లో ఒక పుస్తకం వేశాడు. అందరూ ఇంచుమించు ఒకే సంగతి చెప్పారు. చేతిలో ఉన్న పని తమ నేర్పుకు కాస్త మించి ఉండాలి, మరీ మించకూడదు. ఏం చేస్తే ఏమైందో వెంటనే తెలియాలి. అప్పుడు కాలం ఎటు పోయిందో తెలియదు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేసేవాళ్లను చూస్తే ఇది పుస్తకం లేకుండానే అర్థమవుతుంది. అది వాళ్ల కూడు పెట్టే పని. అయినా ఉలి ఆగి, దుంగ వైపు తల వంచి చూసే ఆ క్షణం ఆటకు చాలా దగ్గరది.

ఇంట్లో ఆడవాళ్లకు ఆట ఎలా కుదురుతుంది?

మగవాళ్లు ఈ ప్రశ్న ఎన్నడూ అడగలేదు. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపనిలో పాల్గొనే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు జీతం లేని చాకిరీకి పెడుతున్నారని తేలింది. దాదాపు అయిదు గంటలకు గంటన్నర జోడీ. ఈ లెక్క అలాగే ఉన్నంతకాలం ఆడుకోండి, మనసు తేలికపడుతుంది అని ఆడవాళ్లకు చెప్పడం వెక్కిరింతగా ఉంటుంది. మా డాబాకు మొదట్లో మగవాళ్లే వచ్చేవారు. ఆదివారం రాత్రి వంట ఎవరు చేస్తారన్నది నాలుగిళ్లలో మాట్లాడుకుని తేల్చుకున్నాకే ఆడవాళ్లు రావడం మొదలైంది. మనస్తత్వశాస్త్రం అక్కరలేకుండా జరిగిన చికిత్స అది.

మన పెద్దవాళ్లు ఈ చిక్కును వేరే దారిలో దాటారు. అట్లతద్దిని చూడండి. పేరుకు వ్రతం. జరిగేది మాత్రం తెల్లవారకముందే లేచి చద్దన్నం తిని, వీధిలో ఆడుకుని, చెట్టుకు కట్టిన ఉయ్యాల ఊగడం. పెళ్లయిన ఆడవాళ్లు చెట్టు కింద కేరింతలు కొడుతూ ఊగినా అత్తగారు నోరెత్తలేదు, ఎందుకంటే అది పుణ్యం. మధ్యాహ్నం పనులయ్యాక వామనగుంటల పీట వాల్చుకోవడానికి, గవ్వలు తీయడానికి ఏదో ఒక తిథి సాయం వచ్చేది. ఆట అని చెబితే దొరకని సమయం పూజ అని చెబితే దొరికింది. ఇప్పుడు పండగలు టీవీ ముందుకు చేరాయి, ఉయ్యాల కట్టే చెట్లూ పోయాయి. సాకు పోయింది, చాకిరీ మిగిలింది.

నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?

అసలు ప్రశ్న ఇదే. తీరిక లేదని, మోకాళ్లు నొప్పులని, ఎండ అని చెప్పేవాళ్లలో ఎక్కువమందిని కాస్త కదిపితే బయటపడేది ఇదే. పెద్దవాళ్లకు కరువైనది సమయం కంటే ఎక్కువగా అనుమతి అని నాకు గట్టి నమ్మకం.

గ్రెగరీ బేట్సన్ అనే మానవశాస్త్రవేత్త 1952లో శాన్‌ఫ్రాన్సిస్కో జంతు ప్రదర్శనశాలలో రెండు కోతిపిల్లలను చూశాడు. కొట్టుకుంటున్నాయి, కొరుక్కుంటున్నాయి, కానీ అది పోట్లాట కాదు. ఆ సంగతి చూస్తున్న మనిషికే తెలుస్తుంటే కోతులకు తెలియకుండా ఉంటుందా? అంటే అవి కొరుకుతూనే ‘ఇది ఉత్తుత్తిదే’ అని ఒకదానికొకటి చెప్పుకుంటున్నాయి. ఆ సైగ అందకపోతే ఆట పోట్లాటవుతుంది. పెద్దవాళ్ల భయం కూడా ఇక్కడే ఉంది. నేను ఉత్తుత్తికి చేస్తున్నది ఎదుటివాడు నిజమనుకుంటే? బ్యాంకు మేనేజరు పిల్లిమొగ్గ వేస్తే మతి చలించిందనుకుంటే?

అందుకే ప్రతి సమాజం ఆ సైగను ముందుగానే ఏర్పాటు చేసి పెడుతుంది. మనవాళ్లు దాన్ని చుట్టరికంలో పెట్టారు. బావ మరదలిని ఆటపట్టించవచ్చు. బావను బావమరిది ఎంత మాటన్నా బావ కోపం తెచ్చుకోకూడదు, తెచ్చుకుంటే తప్పు బావదే. ఇలాంటి పరాచికాల చుట్టరికాలు ఆఫ్రికాలోనూ ఇతర చోట్లా ఉన్నాయని గమనించి రాడ్‌క్లిఫ్ బ్రౌన్ అనే మానవశాస్త్రవేత్త 1940లో వాటి మీద ఒక వ్యాసమే రాశాడు. పెళ్లిలో పెట్టారు: తలంబ్రాలు ఎవరు ముందు పోస్తే వాళ్లదే పైచేయి, బిందెలో ఉంగరం ఎవరికి దొరికితే వాళ్లదే పెత్తనం. ఇద్దరు కొత్తవాళ్ల చేతులు నీళ్లలో తగలడానికి అంతకంటే మంచి ఉపాయం ఎవరు చెప్పగలరు? ఇక వేషం. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం మా ఊళ్లో పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే పూజారిని చివర కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, తిరుగుతుంది. ఆ సంబరంలో పులివేషగాళ్లు వస్తారు. ఒంటినిండా పసుపు రంగు, నల్ల చారలు, నడుముకు తోక. డప్పు మారగానే ఆ మనిషి నడుము వంచి పంజా విసురుతాడు. మర్నాడు అదే మనిషి ఏ దుకాణంలోనో పద్దు రాసుకుంటూ కూర్చుంటాడు, ఎవరూ వింతగా చూడరు. గొల్లల తప్పెటగుళ్లలో నడివయసు మగవాళ్లు ఛాతీ మీద తప్పెట, కాళ్లకు గజ్జెలు కట్టుకుని నేలకు మూరెడు పైకి ఎగురుతారు. అమ్మవారి పేరు, సంబరం పేరు, కులవృత్తి పేరు చెప్పి పెద్దవాళ్లు హాయిగా ఆడుకున్న నేల ఇది.

ఆ ఏర్పాట్లు చాలావరకు సడలాయి. బావామరదళ్లు ఏడాదికోసారి కలుస్తున్నారు, పెళ్లి ఆటలకు ఫోటోలవాళ్లు ముహూర్తం పెడుతున్నారు. అందుకే ఇప్పుడు సైగను మనమే తయారుచేసుకోవాలి. మా డాబా మీద సుద్దముక్కతో గీసిన గడులు ఆ పనే చేస్తాయి. గీత దాటి లోపలికి వచ్చినవాళ్లు ఆడుతున్నారు, అంతే. నవ్వేవాళ్లు కొన్నాళ్లు నవ్వారు. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు మా దగ్గర పులిజూదంలో మేకలు కాస్తున్నారు.

నాకు ఏ ఆటా నచ్చదు. ఓడిపోతే చిరాకు. నేను ఇలాగే పుట్టానా?

మీకు నచ్చనిది పోటీ అయి ఉంటుంది. ఆటలన్నీ పోటీలు కావు. ఫ్రెంచి రచయిత రోజే కయ్వా 1958లో ఆటలను నాలుగుగా విడదీశాడు. పోటీ ఒకటి: చెడుగుడు, చదరంగం. అదృష్టం రెండోది: గవ్వలు, వైకుంఠపాళి. వేషం మూడోది: పైన చెప్పిన పులి. నాలుగోది కళ్లు తిరిగే మజా: ఉయ్యాల, రంగులరాట్నం, కళింగపట్నం తీరంలో అల వచ్చి కాళ్ల కింద ఇసుక లాగేస్తుంటే పడబోయి నిలదొక్కుకోవడం.

పోటీ పడనివాళ్లను మేము అదృష్టం ఆటలకు పంపుతాం. అష్టా పడినా చెమ్మా పడినా గొప్ప మీది కాదు, పడకపోయినా తప్పు మీది కాదు. పిల్లలకు ఇంకో మంచి పద్ధతి ఉంది. చిన్నవాడు ఆడతానని ఏడిస్తే ఆటలో అరటిపండుగా చేర్చుకుంటారు. వాడు పరుగెత్తవచ్చు, అరవవచ్చు, అవుట్ కాడు, లెక్కలోకి రాడు. మా దగ్గర కొత్తగా వచ్చిన ప్రతివారూ మొదటి రోజు అరటిపండే, జిల్లా అధికారి అయినా సరే.

నేర్పు లేకపోవడం అడ్డు కాదు. ఈ ఊరి పేరు మోసిన రాకుమారుడు విజ్జీ 1936లో భారత క్రికెట్ జట్టుకు నాయకుడై ఇంగ్లండు వెళ్లి మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు చేశారు. అంత ఖర్చు పెట్టుకుని అంత తక్కువ ఆడే అవకాశం మనకు లేదు గాని, ధైర్యం మాత్రం తెచ్చుకోవచ్చు.

తొండి ఆడేవాళ్లను ఏం చేస్తారు?

భరిస్తాం. హౌయిజింగా ఒక చక్కటి సంగతి గమనించాడు: తొండి ఆడేవాడు కనీసం ఆటను నమ్ముతున్నట్టు నటిస్తాడు. గిరి బయట నిలబడి ‘ఇవన్నీ పిచ్చిగీతలు’ అనేవాడే ఆటను నిజంగా చంపుతాడు. తొండి దొరికితే కాయ వెనక్కి పెట్టిస్తాం. రెండో రకం మనిషికి కాఫీ ఇచ్చి పంపించేస్తాం.

శ్రీకాకుళంలో మా బావగారు రోజూ క్లబ్బులో పేకాడతారు. అదీ ఆటే కదా అంటారు. ఏం చెప్పాలి?

చతుర్ముఖ పారాయణం అని మనవాళ్లు ముద్దుపేరు పెట్టుకున్నారు గాని, అందులో రెండు రకాలున్నాయి. చింతగింజలు పందెం పెట్టి వేసవి మధ్యాహ్నం వరండాలో ఆడే పేక ఆటే. రమ్మీలో నేర్పు ఉందని, పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది, అదీ మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే. కానీ డబ్బు వచ్చి కూర్చున్నాక చట్టం ఏమంటుందన్నది ఒక ప్రశ్న, మనసు ఏమవుతుందన్నది ఇంకొక ప్రశ్న. నేను రెండో దాని గురించే మాట్లాడగలను.

ఎడ్వర్డ్ డెసీ అనే మనస్తత్వవేత్త 1971లో కళాశాల విద్యార్థులకు ముక్కలు పేర్చే ఒక చిక్కుముడి ఇచ్చాడు. అందరికీ అది సరదాగానే ఉంది. కొందరికి మధ్యలో ఒకసారి, పూర్తిచేసిన ప్రతిదానికీ డబ్బు ఇచ్చి, తర్వాత ఆపేశాడు. డబ్బు రుచి చూసినవాళ్లు ఆ తర్వాత ఖాళీ సమయం దొరికినా దాని జోలికి వెళ్లడం తగ్గించారు. పైసా తీసుకోనివాళ్లు మునుపటిలాగే ఆడుకున్నారు. ప్రతిఫలం వచ్చి సరదాను పక్కకు నెట్టేసింది.

జూదంలో దీనికి ఇంకొకటి తోడవుతుంది. ఎప్పుడు వస్తుందో తెలియని ప్రతిఫలం కోసం పావురాలు అలుపు లేకుండా మీటను ముక్కుతో పొడుస్తూనే ఉంటాయని స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త ప్రయోగశాలలో చూపించాడు. ప్రతిసారీ గింజ పడితే అవి ఇంత పట్టుదల చూపవు. ఒక్క ముక్కలో ఆట తప్పిపోయినవాడికి ఓడిపోయినట్టు అనిపించదు, గెలుపు గుమ్మం దాకా వచ్చినట్టు అనిపిస్తుంది. అందుకే ‘ఈ ఒక్క ఆట’ అంటాడు. సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర పొలం పత్రాలు తాకట్టు పెట్టినవాళ్లు బుద్ధి తక్కువై పెట్టలేదు. మెదడు పనిచేసే తీరు అది, ఆ తీరు తెలిసినవాడు బరి కట్టాడు.

మీ బావగారికి నీతులు చెప్పకండి. నా గీటురాయి వాడి చూడండి: మధ్యలో లేచి రాగలరా? పోయింది రాబట్టడానికి మళ్లీ కూర్చుంటున్నారా? ఎంత పోయిందో అక్కయ్యగారికి చెబుతున్నారా, దాస్తున్నారా? దాచడం మొదలైతే ఆట అయిపోయినట్టే. అప్పుడు పిలవాల్సింది మనస్తత్వ వైద్యుణ్ణి. జూద వ్యసనం వైద్యశాస్త్రం గుర్తించిన రుగ్మత, దానికి చికిత్స ఉంది.

ఫోనులో ఆడితే చాలదా?

కొంతవరకు చాలు. దూరదేశంలో ఉన్న కొడుకుతో రాత్రి చదరంగం ఆడే తండ్రికి ఫోను దేవుడిచ్చిన వరం. రంగుమిఠాయిలు పేల్చే ఆట కూడా పది నిమిషాలకు నష్టం చేయదు. అయితే చాలా ఆటలను కట్టినవాళ్లకు కావలసింది మీరు ఆపకుండా ఉండటం. రోజూ లాగిన్ అయితే బహుమతి, ఒకరోజు తప్పితే పోగొట్టుకున్నది చూపించడం, ఇవన్నీ పైన చెప్పిన పావురం మీటకు దాయాదులే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన రోగాల వర్గీకరణలో వీడియో ఆటల వ్యసనానికీ చోటిచ్చింది. అదుపు తప్పడం, మిగతా పనులన్నీ వెనక్కి పోవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం దాని గుర్తులు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లో నిషేధించింది, 2025లో కేంద్రమూ చట్టం చేసింది. కాబట్టి అటు వెళ్లకండి.

ఆడితే మతిమరుపు రాదంటారు. నిజమేనా?

అంత గట్టిగా ఎవరూ చెప్పలేరు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో 75 ఏళ్లు దాటిన 469 మందిని ఏళ్ల తరబడి గమనించి 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. చదవడం, పేక, చదరంగం లాంటి బల్ల ఆటలు ఆడటం, వాద్యం వాయించడం, నాట్యం చేయడం అలవాటున్నవాళ్లలో డిమెన్షియా తక్కువగా కనిపించింది. అయితే ఆడటంవల్ల రాలేదా, లేక వచ్చే సూచనలున్నవాళ్లే ముందుగా ఆడటం మానేశారా అన్నది ఇలాంటి అధ్యయనంతో పూర్తిగా తేలదు. మా డాబా మీద మందుల పేరు చెప్పి ఎవరినీ పిలవం. మందుగా తీసుకుంటే అది ఆట కాకుండా పోతుంది, మొదటి ప్రశ్నలోని గడియారం ఆయనలాగా.

మనసు బాగోలేనివాళ్లు ఆడుకుంటే తగ్గుతుందా?

ఆటకు వ్యతిరేకం పని కాదు, కుంగుబాటు అని ఆటల మీద జీవితాంతం పరిశోధించిన బ్రయన్ సటన్ స్మిత్ అభిప్రాయం. నాకూ అది సరైనదే అనిపిస్తుంది. కుంగుబాటులో మొదట పోయేది సరదా. కానీ దాన్ని తలకిందులు చేసి, ఆడితే కుంగుబాటు పోతుందని చెప్పకూడదు. నిద్ర, ఆకలి, పని మీద ఆసక్తి రెండు వారాలకు పైగా పోయి ఉంటే డాక్టరును కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ ఉచిత నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే ‘లే, కాసేపు ఆడుకుందాం రా’ అని లాగకండి. పక్కన కూర్చోబెట్టుకుని మీరు ఆడండి. చూడటం కూడా ఆటలో భాగమే. రావాలనిపిస్తే వాళ్లే వస్తారు.

పెళ్లయి ఇరవై ఏళ్లయింది. మా ఇద్దరి మధ్య మాటలే లేవు, ఇంక ఆటలా?

మాటలు లేనిచోటే ఆట బాగా పనికొస్తుంది. మనస్తత్వవేత్త ఆర్థర్ ఆరన్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగం తలచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. భార్యాభర్తల చేతినీ కాలినీ ఒకరివి ఒకరికి పట్టీతో కట్టి, చాపల మీద పాకుతూ, మధ్యలో ఉన్న అడ్డు దాటుతూ, ఒక దిండును చేత్తో పట్టకుండా అవతలికి చేర్చమన్నారు. ఏడు నిమిషాల పని. ఇంకొందరికి చప్పగా ఉండే పని ఇచ్చారు. దిండు మోసిన జంటలు ఆ తర్వాత తమ బంధం గురించి మెరుగ్గా చెప్పారు, మాట్లాడుకోవడంలోనూ తేడా కనిపించింది. ఇది మన బడుల్లో ఆడే మూడుకాళ్ల పరుగే కదా. కొత్తగా ఉండాలి, కాస్త తడబడాలి, ఇద్దరూ ఒకే వైపు ఉండాలి. క్యారమ్స్ ఆడితే ఎదురెదురు జట్లుగా కాకుండా ఒకే జట్టుగా కూర్చోండి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆట వస్తువులు కొనడంతో మాత్రం కాదు. జర్మనీలోని మార్టిన్ లూథర్ విశ్వవిద్యాలయంలో రెనే ప్రోయర్ బృందం 533 మందితో వారం రోజుల ప్రయోగం చేసి 2020లో ఫలితాలు ప్రకటించింది. రాత్రి పడుకునేముందు, ఆ రోజు ఆటగా గడిచిన మూడు సంగతులు రాసుకోమనడం వాళ్లిచ్చిన కసరత్తుల్లో ఒకటి. ఇలా చేసినవాళ్లలో ఆటగుణం పెరిగింది, దాంతోపాటు మనసు కాస్త తేలికపడింది. ఆటగుణం పుట్టుకతో వచ్చి మారకుండా ఉండిపోయేదేమీ కాదని దాన్నిబట్టి చెప్పవచ్చు.

మా డాబా మీద ఒక పోస్టుమాస్టరుగారు ఇది ప్రయత్నించారు. మొదటి రాత్రి ఒక్కటీ గుర్తు రాలేదట. తర్వాత రాసినవి చూపించారు: బస్సులో పక్కసీటు పాపతో కనుబొమలు ఎగరేసే పోటీ, కూరగాయల బండి దగ్గర గుమ్మడికాయ బరువు ఊహించి చెప్పడం, సంతకం ఎడమచేత్తో పెట్టి చూడటం. మూడో దానికి ఎవరు ఒప్పుకున్నారో నేను అడగలేదు.

పిల్లలతో ఆడుతుంటాం కదా, అది లెక్కలోకి రాదా?

మీకు సరదాగా ఉంటే వస్తుంది. వాళ్లను ఆడిస్తూ మనసులో కరెంటు బిల్లు కట్టుకుంటుంటే రాదు. పిల్లలు ఈ తేడా ఇట్టే పసిగడతారు.

మోకాళ్ల నొప్పులు. మెట్లెక్కలేను.

మెట్ల కింద గదిలో పులిజూదం బల్ల ఉంది. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలతో పులిని కట్టేయడానికి మోకాళ్లు అక్కరలేదు.

సంక్రాంతికి హైదరాబాదు నుంచి, ఇతర ఊళ్ల నుంచి అందరూ వస్తారు. ఏ ఆట పెడితే బాగుంటుంది?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పనికోసం వలస వెళ్లిన కుటుంబాలు ఏడాదికి ఒకసారి ఇల్లు చేరే రోజులవి. మొదటి గంటలో మాటలు అయిపోతాయి, ఆ తర్వాత అందరూ ఫోన్లు తీస్తారు. కనుమ నాడు మధ్యాహ్నం ఏడుపెంకులాట పెట్టండి. పగిలిన పెంకులు, ఒక గుడ్డబంతి ఉంటే చాలు. వయసులు కలిసిపోయే ఆట అది: పరుగెత్తగలిగినవాళ్లు పరుగెత్తుతారు, లేనివాళ్లు పెంకులు పేరుస్తారు. జట్లు మాత్రం ఇంటి పేర్ల ప్రకారం విడదీయకండి, పాత పొలం తగాదాలు బంతిలో దూరతాయి.

ఆదివారం వస్తే ఏమి తెచ్చుకోవాలి?

ఏమీ వద్దు. వస్తూ చింతగింజలు తెస్తే సంతోషం. గచ్చు మీద ఒకవైపు అరగదీస్తే లోపలి తెల్లదనం బయటపడుతుంది, అవే మా పాచికలు, తొందరగా పోతుంటాయి. మరీ అరగదీస్తే గింజ ఎప్పుడూ ఒకే వైపు పడుతుంది, తొండి అని గొడవవుతుంది. చీకటి పడ్డాక దోమలుంటాయి. చెప్పులు మెట్ల దగ్గర వదిలి పైకి రండి. ఆట మధ్యలో వస్తే ఎవరూ పలకరించరు, అలగవద్దు.